మల్గిలో యుద్ధం

"మల్గి మనదే! బాపు ఒప్పుకున్నడు!"

మా ఆయన వంటింటి గడప మీద నిలబడి ఈ మాట అన్నప్పుడు నా చేతిలో సగం చెక్కు తీసిన బీరకాయ ఉంది. పట్టరాని సంతోషంలో ఏం చేస్తున్నానో తెలియక దానితోనే ఆయన భుజం మీద ఒకటి వేశాను. వెనక బియ్యం చెరుగుతున్న మా అత్తమ్మ చూడనే చూసింది.

"గా బీరకాయ కూరకా బిడ్డా, మొగన్ని కొట్టనీకా?" అంది.

సిగ్గుతో తల వంచుకున్నాను. ఆ సిగ్గు కూడా నాకు బాగానే ఉంది. పెళ్లయి ఇంకా రెండు నెలలు నిండలేదు. నాకప్పుడు అన్నీ బాగానే ఉండేవి. మందమర్రిలో బొగ్గుగని షిఫ్టు మారేటప్పుడు మోగే సైరను బాగుండేది. దండెం మీద ఆరేసిన చీరలపై సన్నగా పడే బొగ్గుపొడి బాగుండేది. సాయంత్రం ఆయన న్యూస్‌పేపర్‌లో చుట్టి తెచ్చే మిర్చిబజ్జీలు మరీ బాగుండేవి. నూనె పీల్చుకున్న ఆ కాగితాన్ని కూడా పారేయకుండా చదివేదాన్ని. కరీంనగర్ కాలేజీలో మూడేళ్లు చదివిన బీయే ఆ విధంగా ఉపయోగపడుతోందని ఆయన ఏడిపించేవారు.

ఒక్క భైంసా మాట మాత్రమే నాకు బాగుండేది కాదు.

భైంసాలో మా ఆయన మేనమామకు పత్తి జిన్నింగు మిల్లు ఉంది. అక్కడ లెక్కలు రాసే మునీం కుర్చీ ఖాళీగా ఉందనీ, మా ఆయన వెళ్లి దానిలో కూర్చోవాలనీ మా మామగారి పట్టు. కూర్చుంటే ఆయనకు మిల్లు వెనక ఒక్క గది ఇస్తారు. నేను ఇక్కడే ఉండాలి. నెలకొకసారి ఆయన బస్సెక్కి వస్తారు, పత్తి సీజనులో అదీ ఉండదు. పెళ్లి చేసుకున్నది బస్సు కోసం ఎదురుచూడడానికా అని నేను లోపల లోపలే ఏడ్చేదాన్ని. మా ఆయన మాత్రం ఇంటి ముందు వీధివైపున్న మల్గిలో, అంటే పాత ఎరువుల బస్తాలు పడి ఉన్న ఆ కొట్టుగదిలో, వీడియో గేముల దుకాణం పెడతానని కూర్చున్నారు. ఆయన స్నేహితుడు సర్దార్ టీవీ మెకానిక్. రెండు టీవీలు, ఒక గేముల డబ్బా, క్యాసెట్లు అన్నీ సిద్ధం చేశాడు. మల్గి ఒక్కటే మిగిలింది. ఇప్పుడు అదీ దొరికింది.

"ఊకెనే ఇచ్చిండా మీ బాపు?" అత్తమ్మకు నమ్మకం కుదరలేదు.

"ఒక షరతు పెట్టిండు అవ్వా. దుకాణంల ఆయనే కూసుంటడట. మల్గిల ఏ ఆట ఆడినా అబద్ధం ఉండద్దట. దసరా దాకా చూస్తడట, నడువకుంటే భైంసానే."

"సచ్చింది పో," అంది అత్తమ్మ, మళ్లీ చాట అందుకుంటూ.

అత్తమ్మ ఆ మాట ఎందుకన్నదో దుకాణం తెరిచిన రోజే నాకు తెలిసింది.

మా మామ లక్ష్మణ్‌రావు సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చారు. డెబ్బై ఒకటి యుద్ధంలో ఉన్నానని చెప్పుకుంటారు. అది అబద్ధం కాదు. సరిహద్దుకు బాగా ఇవతల ఒక రేషన్ డిపోలో పప్పులూ ఉల్లిగడ్డలూ తూకం వేయించి లారీలకు ఎత్తించారు. ఆ సంగతి ఆయనే దాచకుండా చెబుతారు. దాచుకోవాల్సిన విషయమని కూడా ఆయనకు తోచదు. యుద్ధమంటే ఆయన లెక్కలో అదే.

కొబ్బరికాయ కొట్టగానే సర్దార్ మొదటి క్యాసెట్ పెట్టాడు. తెర మీద పచ్చటోపీ వాడొకడు, నీలంటోపీ వాడొకడు అడవిలోకి దూకారు. ఇద్దరూ కమాండోలు. కుడిచేతివైపు పరుగెత్తుతూ, గాల్లో పల్టీలు కొడుతూ, కనిపించిన ప్రతిదాన్నీ కాల్చుకుంటూ పోవడమే పని. మా ఆయన రిమోట్ పట్టుకుని ఆడుతుంటే నేను పరదా వెనక నుంచి చూస్తూ చప్పట్లు కొట్టబోయి ఆపుకున్నాను. మామ కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

"వీడేందిరా, అంగి లేకుండనే యుద్ధానికొచ్చిండు?"

"కమాండో బాపూ."

"కమాండో అయితే అంగి ఇయ్యరా? స్టోర్ల లేదా? ఇండెంట్ పెట్టలేదా?"

మా ఆయన కాలుస్తూ పోయారు.

"తూటాలు ఒడుస్తలేవేంది?"

"ఒడువయి బాపూ."

"ఎవ్వడు సప్లై చేస్తుండు? పొద్దటి సంది చూస్తున్న, ఒక్క లారీ కనవడుతలేదు."

అంతలో పచ్చటోపీ వాగులో పడి చచ్చాడు. చచ్చిన మరుక్షణం ఆకాశం నుంచి మళ్లీ ఊడిపడ్డాడు. మామ కుర్చీలో నుంచి లేచారు.

"గీ సచ్చినోడు మళ్ల ఎట్లొచ్చిండు?"

"మూడు పానాలుంటయి హవల్దార్ సాబ్," అన్నాడు సర్దార్ వినయంగా. "గది కంపెనీవాళ్లు ఇచ్చిన సౌలత్."

"మళ్ల రానీకి పైకెల్లి ఆర్డర్ ఎవ్వడిచ్చిండు?"

సర్దార్ క్యాసెట్ తీసి, ఊది, మళ్లీ పెట్టాడు. చాయ్ తెచ్చిన అత్తమ్మ గ్లాసు ఆయన ముందు పెడుతూ, "మీరు చేసిన యుద్ధంల ఉల్లిగడ్డలు జోకుడేనాయె. గా టీవీల ఉల్లిగడ్డలు లేవనా మీ బాధ?" అంది.

"ఉల్లిగడ్డ లేకుంటే పటాలం ఒక్క దినం నడువది జానకీ. నీకేమెరుక?" అన్నారు మామ. ఆయన గొంతులో వెటకారం రవంత కూడా లేదు.

మర్నాటి నుంచి మల్గిలో యుద్ధం అసలు పద్ధతిలో జరగడం మొదలైంది. ఆడడానికి వచ్చిన పోరగాళ్లు ముందు వరుసలో నిలబడాలి. చెప్పులు ఒకే తీరుగా విప్పాలి. రిమోట్ ముట్టుకునే ముందు పేరూ తండ్రి పేరూ గట్టిగా చెప్పి సెల్యూట్ కొట్టాలి. తూటాలు తలా ఒక పిడికెడే. ఎవడైనా బటన్ అదేపనిగా నొక్కితే, "సర్కారు సొమ్ము!" అని మామ అరుస్తారు. తూటాలైపోయినవాడు రాయి వెనక కమాండోను దాచి, లారీ వచ్చేదాకా ఆగాలి. లారీ ఎప్పుడొస్తుందో మామ చెబుతారు. ఒక్కోసారి చాయ్ తాగి వచ్చి చెబుతారు. పల్టీలు పూర్తిగా బంద్. తుపాకీ పట్టుకున్నవాడు గాల్లో ఎందుకు గిరగిరా తిరుగుతాడని ఆయన ప్రశ్న. నాకు తెలిసినంతలో న్యాయమైన ప్రశ్నే.

చచ్చినవాడి కథ వేరు. వాడు ఇక ఆడకూడదు, గోడవారగా ఉన్న బల్ల మీద పడుకోవాలి. దాని పేరు దవాఖాన.

ఇక్కడే మామ వ్యూహంలో ఒక లోపం దొర్లింది. పోరగాళ్లు వరుసగా పడుకుని మూలుగుతుంటే చూడలేక అత్తమ్మ తలా రెండు సకినాలు పెట్టింది. ఆ కబురు కాలనీ అంతా పాకింది. ఆ తర్వాత వచ్చినవాళ్లెవరూ దుశ్మన్ వైపు చూడను కూడా చూడలేదు. రిమోట్ చేతికి అందగానే కమాండోను తిన్నగా తీసుకెళ్లి వాగులో పడేసి, బల్ల మీదికి పరుగెత్తేవాళ్లు. ఒకడు పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి వీరమరణం పొంది, సాయంత్రం వచ్చి, "అమ్మా, గారెలు చేయలేదా?" అని అడిగాడు.

సకినాలు అయిపోయిన రోజు నుంచి దుకాణానికి ఎవరూ రాలేదు.

మా ఆయన మొహం చూస్తే నాకు భైంసా బస్సు కనిపించేది. ఆ మధ్యాహ్నాల్లో మామ కునుకు తీస్తుంటే, సౌండు పూర్తిగా తగ్గించి, ఆయన నాకు ఆట నేర్పేవారు. ఆయన వేలు నా వేలి మీద పెట్టి ఇది ఎగరడానికి, ఇది కాల్చడానికి అని చూపించేవారు. ఎగిరే బటన్ నాకు మొదటి రోజే వచ్చేసింది. అయినా రాలేదనే చెబుతూ వచ్చాను.

ఒకనాడు మామ చుట్టాల పెళ్లి ఉందని కరీంనగర్ వెళ్లారు. ఆ రోజు మా ఆయనా సర్దారూ తలుపులు బార్లా తీసి, సౌండు పెంచి, షరతులన్నీ పక్కన పెట్టారు. డబడబమని తుపాకులు మోగడం ఎవరి చెవిన పడిందో గానీ, గంట తిరక్కుండా మల్గి నిండిపోయింది. బడి పోరగాళ్లు, ఐటీఐ కుర్రాళ్లు, పొద్దటి షిఫ్టు దిగి మొహాన బొగ్గు కడుక్కోకుండానే వచ్చిన బొగ్గుబాయి పనివాళ్లు. కొండల్ అనే బాయి పనివాడు పచ్చటోపీతో పల్టీ మీద పల్టీ కొట్టించి, చచ్చి, మళ్లీ ఊడిపడి, పొట్ట పట్టుకుని నవ్వాడు. "అసలుది రోజు భూమి కింద చూస్తనే ఉన్నం కదనే, గిది గిట్లనే ఉండనీ," అన్నాడు.

సాయంత్రం బస్సు దిగిన మామకు వీధి మలుపు నుంచే ఆ జనం కనిపించారు. లోపలికి వస్తుంటే అందరూ భయపడి వరుసలో నిలబడిపోయారు. ఆయన ఆ వరుసను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశారు. కళ్లు మెరిశాయి. కొడుకు వైపు తిరిగారు.

"చూసినవారా జగపతీ? ఒక్క దినం నేను లేకున్నా క్రమశిక్షణ ఎట్లున్నదో. జనం దేనికొచ్చిండ్రు? అసలుదని వచ్చిండ్రు!"

మా ఆయన పరదా వెనక ఉన్న నా వైపు చూశారు. సర్దార్ పైకప్పు వైపు చూశాడు.

ఆ ఊపులోనే మామ పెయింటర్ హనుమంతును పిలిపించి బోర్డు రాయించారు. ఎర్రటి నేల మీద పసుపుపచ్చ అక్షరాలు:

*జై జవాన్ యుద్ధ శిక్షణ కేంద్రం*
*ఇచ్చట అసలైన పద్ధతిలో యుద్ధము నేర్పబడును*
*క్రమశిక్షణ గల యువకులకే ప్రవేశము*

కింద ఒక తుపాకీ బొమ్మ. అది హనుమంతు ముచ్చటపడి తన తరఫున వేసినది.

చదువుకున్నదాన్ని, నాకైనా తట్టాలి. ఆ రంగులు ఎండలో ఎంత నిండుగా ఉన్నాయో చూసి మురిసిపోయాను తప్ప రాసింది ఏమిటో ఆలోచించలేదు. అప్పట్లో మా వైపు పొద్దుగూకితే పోలీసులు బస్సులు ఆపి సంచులు వెతికేవాళ్లు. నలుగురు కుర్రాళ్లు ఒకచోట కూర్చుంటే ఊరూ పేరూ అడిగేవాళ్లు. అడవిలో నక్సలైట్ల పక్కా తుపాకులే, పోలీసుల పక్కా తుపాకులే. అలాంటి చోట, నడిబజారులో, యువకులకు యుద్ధం నేర్పుతామని ఎర్రబోర్డు కట్టి, దానికి పూలదండ కూడా వేశాం.

పూలు వాడకముందే పోలీసు జీపు వచ్చింది.

ఎస్సై దిగాడు. వెంట కానిస్టేబుల్ అంబదాస్. ఇద్దరూ బోర్డును పై నుంచి కింది దాకా చదివి లోపలికి వచ్చారు. మామ లేచి ఫెళ్లున సెల్యూట్ కొట్టారు.

"నేర్పేదెవరు?" ఎస్సై అడిగాడు.

"నేనే సార్."

"ఎంతమందికి నేర్పిండ్రు?"

"షానామందికి. కాలనీల సగం పోరగాండ్లు నా చేతుల మీదికెల్లే పోయిండ్రు," అన్నారు మామ ఛాతీ విరిచి.

అంబదాస్ ఒక అడుగు వెనక్కి వేశాడు. మా ఆయన పొలమారినట్టు దగ్గడం మొదలుపెట్టారు. సర్దార్ పరుగున వెళ్లి టీవీ పెట్టి, రిమోట్ తెచ్చి ఎస్సై చేతిలో పెట్టాడు. "గిదే సాబ్, గింతే సాబ్. జర మీరే చూడుండ్రి."

ఎస్సై అనుమానంగానే ఆడాడు. నాలుగు అడుగులు వేశాడో లేదో, చెట్టు మీది నుంచి ఎవడో కాల్చాడు. నీలంటోపీవాడు పడిపోయాడు.

"ఎవడు వాడు? హెచ్చరిక లేదు, ఏం లేదు, సక్కగ కాలుస్తడా?"

మళ్లీ ఊడిపడి ఈసారి తాను పదిమందిని కాల్చాడు. కాల్చి, రిమోట్ కింద పెట్టాడు. "గిదేం పద్ధతి? పై ఆఫీసర్ ఆర్డర్ లేదు. గింతమందికి పంచనామా ఎవ్వడు రాయాలె? శవాలు ఏడికి పోతున్నయి? మాయమైతున్నయి!"

"నేను మొదటి సంది గదే అంటున్న సార్!" మామ కుర్చీ లాగి ఆయన పక్కనే కూర్చున్నారు. "అంగి లేదు, రేషన్ లేదు, లారీ లేదు."

"రాతకోతల పనే లేదు!"

"అన్నీ అబద్ధాలు సార్!"

"ఉత్త బోగస్!"

నేను చాయ్ తెచ్చేసరికి ఇద్దరూ చిన్నప్పటి దోస్తుల్లా మాట్లాడుకుంటున్నారు. ఒకాయనకు ఆటలో ఉల్లిగడ్డలు లేని లోటు, ఒకాయనకు పంచనామా లేని లోటు. అంబదాస్ మెల్లగా రిమోట్ తీసుకుని, సార్ చూడకుండా, రెండు పల్టీలు కొట్టించి చూసుకున్నాడు.

చాయ్ తాగడం అయ్యాక ఎస్సై టోపీ సర్దుకున్నాడు.

"మీరు మంచోళ్లే హవల్దార్ సాబ్. కని బోర్డు ముచ్చట సర్కిల్ సాబ్ దాకా పోయింది. రేపు పది గంటలకు ఆయనే వచ్చి చూస్తడు. మీరు నేర్పేది అసలు యుద్ధమైతే కేసు. అసలుది కాకుంటే, బోర్డు మీద అబద్ధం రాసి జనాన్ని మోసం చేసిండ్రు, గదీ కేసే. దుకాణానికి తాళం పడుతది."

 టీవీలో పాట హుషారుగా మోగుతూనే ఉంది.

"మరి ఏమైతే కేసు కాదు సార్?" పరదా వెనక నుంచి నేనే అడిగాను.

ఎస్సై గుమ్మంలో ఆగి బోర్డు వైపు చూశాడు. "ఉత్త ఆట అయితే కాదమ్మా. బోర్డు తీసెయ్యుండ్రి. చూసినోడు నవ్వాలె. ఒక్కడన్న సావధాన్‌ల నిలవడి కనవడ్డడా, ఇగ నేనేం చెయ్యలేను."

జీపు వెళ్లిపోయింది. మా ఆయనా సర్దారూ బోర్డు దింపి వెనక దొడ్లో బోర్లా పడేశారు. మామ కుర్చీలో కదలకుండా కూర్చున్నారు. అత్తమ్మ వచ్చి ఆయన ముందు నిలబడింది.

"సంబురమైందా? గిట్ల జిద్దు చేసి కొడుకు దుకాణం మూపిస్తిరి. ఇగ పోరడు భైంసాకు పోతడు. గీ పిల్ల ఒక్కతే గోడలు చూసుకుంట కూసుంటది."

"పోనీ అవ్వా. బాపునేమనకు. నేను భైంసా పోత తియ్యి," అన్నారు మా ఆయన. ఆ మాట ఆయన నా వైపు చూడకుండా అన్నారు. నాకు కళ్లు నిండాయి. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను, అయినా ఒక వెక్కు బయటికి వచ్చేసింది.

మామ తలెత్తి మా ఇద్దరినీ చూశారు.  తర్వాత అడిగారు, "దేవకీ, గా ఆట నీకొస్తదా బిడ్డా?"

అబద్ధం ఆడలేకపోయాను. "వస్తది మామా."

"మంచిగొస్తదా?"

"ఆయనకంటే మంచిగొస్తది."

"ఆ!" అన్నారు మా ఆయన.

"రా. నేర్పు," అన్నారు మామ.

పక్కనే పీట వేసుకుని కూర్చున్నాను. నేను పచ్చటోపీ, ఆయన నీలంటోపీ. మొదట మామ నీలంటోపీని ఒక రాయి వెనక కూర్చోబెట్టి కదలలేదు. "లారీ రాదు మామా, రానే రాదు. ఎగురుండ్రి," అన్నాను. "తుపాకి పట్టుకొనా?" అన్నారు. "తుపాకి పట్టుకొనే!" కళ్లు మూసుకుని బటన్ నొక్కారు. నీలంటోపీ గాల్లోకి లేచి, గిర్రున మూడు చుట్లు తిరిగి, అవతలి గట్టు మీద వాలాడు.

మామ ఒక కన్ను తెరిచారు. మళ్లీ నొక్కారు. మళ్లీ.

ఆ తర్వాత వినిపించిన చప్పుడు ఏమిటో నాకు మొదట అర్థం కాలేదు. మామ నవ్వుతున్నారు. బావి గిలక మీద చేదతాడు కిర్రుమన్నట్టు, ఎక్కడో లోతు నుంచి ఆగి ఆగి వస్తోంది. అత్తమ్మ పిండి చేతులతోనే వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. "ఏమైందే ముసలోనికి?" అని నన్ను అడిగింది గానీ, ఆమె మొహం కూడా అప్పటికే విచ్చుకుంది. నీలంటోపీ వాగులో పడి చచ్చాడు. ఆకాశం నుంచి ఊడిపడ్డాడు. "అగో, మళ్లొచ్చిన!" అని మామ తొడ చరిచారు.

ఆడీ ఆడీ వేళ్లు నొప్పి పుట్టాక రిమోట్ ఒడిలో పెట్టుకుని, కళ్లు తుడుచుకున్నారు.

"గీ ఆటల మంచేందో ఎరుకనా బిడ్డా? ఎవ్వడు సచ్చినా వాని ఇంటికి టెలిగ్రాం పోదు," అన్నారు.

 ఆ వెంటనే లేచి నిలబడ్డారు.

"జగపతీ, పోయి మీ మేనమామకు ఫోన్ చెయ్యి. మునీం రాడు, ఇంకెవ్వలనన్న చూసుకొమ్మని చెప్పు."

"సర్కిల్ సాబ్ ఏమంటడో చూడకముందే ఎట్ల బాపూ?"

"ఏమన్ననీ. తాళమేస్తే గా తాళం తీపిచ్చే పని నాది. నువ్వు ఏడికి పోవు." అని మామ మా నలుగురినీ మల్గి మధ్యలోకి పిలిచారు. అలవాటు కొద్దీ మేం వరుసలో నిలబడబోతే, "వరుస వద్దు! అడ్డదిడ్డంగ నిలవడుండ్రి!" అని కసిరి, చేతులు వెనక్కి కట్టుకుని, డిపోలో లారీలు పంపిన గొంతుతో హుకుం చెప్పారు:

"రేపు పది గంటలకు సర్కిల్ సాబ్ వస్తడు. తొమ్మిదికే దుకాణం తెరువాలె. సర్దార్, సౌండు మస్తు పెట్టాలె, బజారు కొసకు ఇనవడాలె. జగపతీ, నువ్వు పోయి గా రాత్రి షిఫ్టు దిగినోళ్లందరిని పట్టుకరావాలె, మొకాలు కడుక్కోవద్దని చెప్పు. జానకీ, నువ్వు గూడ మల్గిల కూసోవాలె, నా మీద జోకులెయ్యాలె, ఆపద్దు. కోడలు, నేను ఆడుతం. సర్కిల్ సాబ్ లోపలికి రాంగనే నేను నా కమాండోను వాగుల వడేస్త. గప్పుడు అందరు ఒక్కసారి నవ్వాలె. ఇది ఆర్డర్. ఎవ్వలన్న నవ్వకుంటే వాళ్ల సంగతి నేను చూస్త!"